వెబ్‌సైటుకు సందర్శకుల ఆకర్షణ: గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్

సందర్శకుల ఆకర్షణ అంటే కొత్త వెబ్‌సైటు గూగుల్ వంటి వాటిలో వెతికేవారి కంటపడేలా చేసే పని. దీనికి ఆయువుపట్టు జనం వెతికే మాట. ఇక్కడ ఊరి పేరు దగ్గరే చిక్కు: ఈ మూడూ 2016 అక్టోబరు 11న మహబూబ్‌నగర్ నుంచి విడివడి జిల్లాలయ్యాయి, కాని చాలామంది నోట ఇంకా మహబూబ్‌నగర్ పాత పేరు పాలమూరే. పుటలో పాత, కొత్త పేర్లు రెండూ ఉండాలి. భౌగోళిక గుర్తింపు పొందిన గద్వాల చీరలను పెద్ద అంగళ్లూ అమ్ముతాయి. ఉత్త పేరుతో ఆ అంగళ్లను దాటడం కష్టం. నూలు చీరకు పట్టు అంచును మగ్గంపైనే ఎలా కలుపుతారో ఫొటోలతో వివరించే నేతగాడి పుటకే అవకాశమెక్కువ. సెర్చ్ ఇంజిన్ చదవగలిగేలా ఆ వివరణను బొమ్మలో అచ్చువేయకుండా యూనికోడ్ తెలుగులో టైపు చేయాలి. అలంపురం జోగులాంబ ఆలయం, సోమశిలకు వచ్చే యాత్రికుల కోసం పెట్టే సైటులోనైతే దారి, బస వివరాలు ముఖ్యం. సైటు గూగుల్‌లో ఎలా కనబడుతోందో చూపే గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో నమోదు ఉచితం.