టాక్సీ ఎక్కిన పాట: గోమ్ సంగీతం ఎవరి చెవిన ముందు పడింది?

ఈసారి చరిత్ర రాస్తున్నాను. రాజుల చరిత్ర కాదు, ఒక చప్పుడు చరిత్ర. దాని పేరు గోమ్. మా డర్బన్‌లో పుట్టిన ఎలక్ట్రానిక్ డాన్స్ సంగీతం అది. పేరు లేని కుర్రవాళ్ళు చేసిన కొత్త సంగీతం మొదట ఎవరి చెవిన పడుతుంది? దాన్ని ఎవరు మోసుకొస్తారు? ఎవరి దాకా రాదు? ఈ మూడు ప్రశ్నలకూ గోమ్ కథలో జవాబులు ఉన్నాయి.

ముందు పేరు సంగతి. జూలూ భాషలో ఈ మాట మొదట్లో ఒక క్లిక్ శబ్దం ఉంటుంది. నాలుకను అంగిలికి అంటించి ఒక్కసారిగా కిందికి లాగితే టక్ మని వస్తుంది కదా, అలాంటిదే. తెలుగులో దానికి అక్షరం లేదు. అందుకే నేను ఉత్త గోమ్ అని రాస్తున్నాను. కానీ ఆ శబ్దం మనకు కొత్త కాదు. రుచిగా ఉన్నది తింటూ మనం లొట్టలు వేస్తాం. దాదాపు ఆ లొట్టే జూలూలో ఒక హల్లు! గోమ్ అనేది ధ్వన్యనుకరణ పదం, అంటే శబ్దాన్ని అనుకరించే మాట. మనకు ఢమఢమ, దబదబ ఉన్నట్టే వాళ్ళకు డప్పు దెబ్బకు గోమ్.

గోమ్ పాటలు మొదట టాక్సీల్లో తిరిగాయి. ఆ కథ చెప్పే ముందు ఒకసారి న్యూయార్క్ వెళ్ళి రావాలి. ఎందుకంటే హిప్ హాప్ కూడా అలాగే తిరిగింది.

1973 ఆగస్టు 11న బ్రాంక్స్‌లో, సెడ్జ్‌విక్ అవెన్యూలోని ఒక అపార్ట్‌మెంట్ భవనంలో సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి పార్టీ పెట్టింది. పాటలు వేసింది ఆమె అన్న డీజే కూల్ హెర్క్. పాటలో మాటలు ఆగిపోయి డ్రమ్స్ మాత్రమే మోగే చోటును అతను పొడిగించేవాడు. హిప్ హాప్ పుట్టిన రోజుగా చాలామంది ఆ రోజునే చెప్తారు. కానీ పెద్ద హిట్ అయిన మొదటి ర్యాప్ రికార్డు, షుగర్‌హిల్ గ్యాంగ్ వారి రాపర్స్ డిలైట్, 1979లో వచ్చింది. మధ్యలో ఆరేళ్ళు. ఆ ఆరేళ్ళూ ఈ సంగీతం ఎక్కడ ఉంది?

క్యాసెట్లలో ఉంది. పార్టీల్లో రికార్డు చేసిన టేపులు చేతులు మారాయి. బ్రాంక్స్‌లో అద్దె కార్లు నడిపేవాళ్ళు ఆ టేపులు తమ కార్లలో వేశారు. కారు ఎక్కినవాళ్ళు విన్నారు, దిగి స్నేహితులకు చెప్పారు. అంటే 1979లో ప్రపంచానికి కొత్తగా అనిపించింది బ్రాంక్స్ పిల్లలకు అప్పటికే ఆరేళ్ళ పాతది. ఇంకో విషయం కూడా ఉంది. రాపర్స్ డిలైట్‌లో ఒక భాగం మాటలు గ్రాండ్‌మాస్టర్ కాజ్ అనే బ్రాంక్స్ కళాకారుడివి. రికార్డు మీద అతని పేరు లేదు. పాట దూరం వెళ్ళింది, రాసినవాడి పేరు ఇంటి దగ్గరే ఉండిపోయింది. ఇది గుర్తు పెట్టుకోండి, మళ్ళీ అవసరం పడుతుంది.

ఇప్పుడు డర్బన్. ఇక్కడ సంగీతం కంటే ముందు మ్యాప్ అర్థం కావాలి.

మన తెలుగువాళ్ళు ఇక్కడికి రావడం 1860లో మొదలైంది. మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడలో కూలీలుగా వచ్చినవారిలో తెలుగువాళ్ళూ ఉన్నారు. తర్వాత 1950లో గ్రూప్ ఏరియాస్ చట్టం వచ్చింది. ఏ జాతివారు ఎక్కడ ఉండాలో ప్రభుత్వమే నిర్ణయించింది. భారతీయులను 1960ల్లో చాట్స్‌వర్త్‌కు, 1970ల చివర్లో ఫీనిక్స్‌కు పంపారు. నల్లజాతివారికి క్వామాషు, ఉమ్లాజీ లాంటి టౌన్‌షిప్‌లు కట్టారు. మ్యాప్ తెరిచి చూడండి. చాట్స్‌వర్త్ పక్కనే ఉమ్లాజీ, మధ్యలో ఒక నది. ఫీనిక్స్‌ను ఆనుకుని క్వామాషు, ఇనాండా, ఎన్టుజుమా. అన్నీ పక్కపక్కనే ఉన్నాయి, కానీ కలిసి లేవు.

రేడియో కూడా అలాగే. 1960లో ప్రభుత్వ రేడియో సంస్థ రేడియో బంటు అని ఆఫ్రికన్ భాషలకు వేరే సేవ పెట్టింది. 1983లో భారతీయుల కోసం రేడియో లోటస్ వచ్చింది. భూమిని విడదీసినట్టే గాలిని కూడా విడదీశారు. 1994 తర్వాత ఆ చట్టాలు లేవు. అయినా మా ఇంట్లో లోటస్, పక్క టౌన్‌షిప్‌లో జూలూ రేడియో ఉఖోజీ. అలవాటు చట్టం కంటే ఎక్కువ కాలం బతుకుతుంది.

గోమ్ పుట్టింది ఈ పక్క ఊళ్ళలోనే, 2010 ప్రాంతంలో. అంతకు ముందు దేశమంతా క్వైటో, హౌస్ సంగీతం నడిచింది. హౌస్‌లో దెబ్బలు సమానంగా పడతాయి: దమ్, దమ్, దమ్, దమ్. డర్బన్ కుర్రవాళ్ళు ఆ వరుసను విరిచారు: దమ్... దదమ్... దమ్. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఖాళీ పెట్టారు. మాటలు చాలా తక్కువ, ఒకటో రెండో, అవే మళ్ళీ మళ్ళీ. వినడానికి కొంచెం చీకటిగా, భయంగా ఉంటుంది. స్టూడియో లేదు. ఇంట్లో ఒక పాత కంప్యూటర్, అందులో ఫ్రూటీలూప్స్ లాంటి సాఫ్ట్‌వేర్, అంతే. చేసినవాళ్ళలో చాలామంది బడి పిల్లలు, లేదా బడి అప్పుడే వదిలినవాళ్ళు.

రేడియోలు మొదట్లో దీన్ని పెద్దగా పట్టించుకోలేదు. మోటుగా ఉందన్నారు. పార్టీల్లో మత్తు బిళ్ళలు మింగేవాళ్ళ సంగీతం అని చెడ్డపేరు కూడా వచ్చింది. మరి పాట జనం దగ్గరికి ఎలా వెళ్ళాలి?

టాక్సీలో వెళ్ళింది. దక్షిణాఫ్రికాలో టాక్సీ అంటే కారు కాదు, పదిహేను మంది కూర్చునే చిన్న వ్యాన్. మీ ఊరి షేర్ ఆటోను గుర్తు చేసుకోండి, దాన్ని పెద్దది చేసి పెద్ద స్పీకర్లు పెట్టండి. టౌన్‌షిప్ నుంచి పనికి, బడికి వెళ్ళేవాళ్ళలో ఎక్కువమందికి అదే దారి. కుర్రకారు మంచి పాటలు మోగే టాక్సీ కోసం ఆగుతారు. అందుకే డ్రైవర్లకు కొత్త పాట కావాలి. పాట చేసిన కుర్రవాడికి వినేవాళ్ళు కావాలి. అతను ఒక సీడీ చేసి డ్రైవర్ చేతిలో పెట్టేవాడు. తర్వాత ఫ్లాష్ డ్రైవ్‌లు వచ్చాయి, ఆ తర్వాత వాట్సాప్. పొద్దున ఇచ్చిన పాట సాయంత్రానికి ఊరు దాటేది. గోమ్‌లో ఒక రకానికి టాక్సీ కిక్ అనే పేరు కూడా ఉంది.

ఈ పద్ధతిలో ఒక లోపం ఉంది. టాక్సీలో పాట మోగితే చేసినవాడికి డబ్బు రాదు. ఫైళ్ళు చేతులు మారేటప్పుడు పేర్లు పోయేవి, ఒక్కోసారి తప్పు పేరు అంటుకునేది. పాట అందరికీ తెలుసు, చేసినవాడు తెలియదు. గ్రాండ్‌మాస్టర్ కాజ్ కథే మళ్ళీ.

ఆ ఫైళ్ళు ఇంటర్నెట్‌లోకి కూడా వెళ్ళాయి. అక్కడ వాటిని యూరప్‌లో కొందరు డీజేలు విన్నారు. లండన్‌లోని గూన్ క్లబ్ ఆల్‌స్టార్స్ అనే చిన్న కంపెనీ 2015లో రూడ్‌బాయ్జ్ రికార్డు తెచ్చింది, 2016లో క్లెర్మాంట్ టౌన్‌షిప్ కుర్రవాడు డీజే లాగ్ రికార్డు తెచ్చింది. అదే 2016లో ఇటలీ డీజే నాన్ కోలే నడిపే కంపెనీ నుంచి డర్బన్ పాటల సంకలనం ఒకటి వచ్చింది. సంకలనం అంటే పలువురి పాటలు ఒకచోట చేర్చింది. అదే ఏడాది ఇక్కడ బేబ్స్ వొడుమో పాట వొలోలో దేశమంతా మోగింది. 2018లో బ్లాక్ పాంథర్ ఆల్బంలో ఆమె గొంతు వినిపించింది. 2019లో బియాన్సే తెచ్చిన లయన్ కింగ్ ఆల్బంలో మై పవర్ అనే పాటకు డీజే లాగ్ సంగీతం చేశాడు. ఈసారి పాటతో పాటు పేరు కూడా వెళ్ళింది.

ఇక్కడే నాకు కష్టంగా ఉంటుంది. లండన్ విన్నది, రోమ్ విన్నది. మా ఇంట్లో మాత్రం గోమ్ అనే మాటను మొదట ఇంగ్లాండు వార్తల్లో చదివాం. మా పక్క ఊరి పాట సముద్రాలు దాటి, వెనక్కి తిరిగి, మా దగ్గరికి వచ్చింది. దూరం ఒక అడ్డు కాదు. అడ్డు 1950ల్లో గీసిన గీత.

ఆ గీత ఎంత లోతుగా ఉందో 2021 జూలైలో తెలిసింది. మాజీ అధ్యక్షుడు జేకబ్ జుమా జైలుకు వెళ్ళాక మా రాష్ట్రంలో లూటీలు, అల్లర్లు మొదలయ్యాయి. ఫీనిక్స్‌లో వీధులకు అడ్డంగా కాపలా పెట్టారు. ఆ రోజుల్లో అక్కడ 30 మందికి పైగా హత్యకు గురయ్యారు. చనిపోయినవారిలో ఎక్కువమంది నల్లజాతివారు, చాలామంది పక్క ఊళ్ళవాళ్ళే. గోమ్ విని ఉంటే అదంతా ఆగేదని నేను చెప్పను. పాటకు అంత బలం లేదు. కానీ పక్కింటివాళ్ళు ఏం పాడుకుంటారో అరవై ఏళ్ళుగా తెలియకపోతే, వాళ్ళ గురించి భయం మాత్రమే తెలుస్తుంది. మా తాతల తరం వాళ్ళు ఫనగాలో అనే కలగలుపు భాషలో జూలూవాళ్ళతో మాట్లాడేవారు. అది పని చెప్పడానికి, బేరం చెయ్యడానికి సరిపోయింది. పాట వినడానికి సరిపోలేదు.

కొత్త పాట ఎక్కడ దొరుకుతుందని అడిగేవాళ్ళకు చరిత్ర ఇచ్చే జవాబు ఇది: పెద్ద జాబితాల్లో మీకు కనబడే కొత్త పాట ఎక్కడో అప్పటికే పాతబడి ఉంటుంది. బ్రాంక్స్‌లో దాన్ని మోసింది అద్దె కారు, డర్బన్‌లో మోసింది టాక్సీ. మీరు హ్యూస్టన్‌లో ఉన్నా, దుబాయిలో ఉన్నా, కౌలాలంపూర్‌లో ఉన్నా, మీ పక్కవాళ్ళ పాటను ఈ రోజు ఏది మోస్తోందో చూడండి. మంగలి షాపులో, కిరాణా కొట్టులో, క్యాబ్‌లో ఏదైనా తెలియని పాట మోగితే ఎవరు పాడారని అడగండి. పాడినవాళ్ళ పేరే కాదు, సంగీతం చేసినవాళ్ళ పేరు కూడా తెలుసుకోండి. వాళ్ళ దగ్గర నేరుగా కొనగలిగితే కొనండి. అడగడానికి వాళ్ళ భాష కొంచెం కావాలి. సొంత భాషను ఇంత కష్టపడి నేర్చుకుంటున్న మనకు ఆ పని కొత్త కాదు.

చివరగా రెండు మాటలు. తెలుగులో వినడం అంటే చెవితో వినడం. మాట వినడం అంటే చెప్పినట్టు చెయ్యడం. జూలూలో ఉకుజ్వా అనే మాటకు వినడం, తాకిడి తెలియడం, రుచి తెలియడం, అర్థం కావడం, అన్నీ అర్థాలే. మన మాటలో విధేయత ఉంది, వాళ్ళ మాటలో అనుభవం ఉంది. నేను ఇప్పుడు రెండూ నేర్చుకుంటున్నాను.