బోలు స్థూపం లెక్కలు

గొట్టం, తూము, బావి ఒర వంటివి గణితంలో బోలు స్థూపాలు. బయటి వ్యాసార్థం, లోపలి వ్యాసార్థం, మందం – వీటిలో ఏ రెండు తెలిసినా మూడోది దొరుకుతుంది. పొడవు కూడా ఇస్తే ఎంత లోహం పట్టిందో, ఎన్ని నీళ్లు పడతాయో చెప్పొచ్చు.

ఈజిప్టువారి రైండ్ పపైరస్ (సుమారు క్రీ.పూ. 1550) 41వ లెక్కలో గుండ్రటి గాదె ఉంది. వ్యాసం 9 మూరలు, ఎత్తు 10. వ్యాసంలో తొమ్మిదో వంతు తీసేసి, మిగిలిన 8ని వర్గం చేసి, ఎత్తుతో గుణిస్తే 640 ఘన మూరలు. గోడ మందం ఊసే లేదు. గింజలు ఎన్ని పడతాయన్నదే వాళ్లకు కావాలి.

మందం చెప్పిన పాత రచనల్లో బైబిలులోని యిర్మీయా గ్రంథం ఒకటి. యెరూషలేము మందిరపు కంచు స్తంభం 18 మూరల ఎత్తు, 12 మూరల చుట్టుకొలత, నాలుగు వేళ్ల దళసరి, లోపల బోలు అంటుంది. లెక్క మాత్రం వేయలేదు. మూరకు 24 వేళ్ల చొప్పున మనం వేస్తే కంచు సుమారు 34 ఘన మూరలు. అదే గట్టి స్తంభమైతే 206. అంటే ఆరో వంతుతో పని గడిచిపోయింది.

అసలు కిటుకు చైనాలో, క్రీ.శ. 1వ శతాబ్ది ప్రాంతానికి రూపుకట్టిన ‘తొమ్మిది అధ్యాయాలు’లో దొరుకుతుంది. అక్కడున్నది గొట్టం కాదు, కంకణంలాంటి పొలం: లోపలి చుట్టు 92 అంగలు (చైనా కొలతలో), బయటి చుట్టు 122, వెడల్పు 5. రెండు చుట్లనూ కూడి సగం చేస్తే 107. దాన్ని 5తో గుణిస్తే వైశాల్యం 535. చుట్ల తేడా 30 కాబట్టి, π విలువను 3గా తీసుకుని ఈ అంకెలు కూర్చారని తెలిసిపోతుంది. సూత్రం మాత్రం π విలువ ఎంతైనా నిలుస్తుంది. ఇలా వచ్చిన వైశాల్యాన్ని పొడవుతో గుణిస్తే వచ్చేది గొట్టం లోహపు ఘనపరిమాణమే: సగటు చుట్టుకొలత × మందం × పొడవు. పాఠ్యపుస్తకాల్లోని π(R²−r²)h (R బయటి వ్యాసార్థం, r లోపలిది, h పొడవు) కూడా ఇదే.

మన దేశంలో 9వ శతాబ్దికి చెందిన మహావీరాచార్యుడి గణితసారసంగ్రహంలో ఇలాంటి వలయ క్షేత్రాల వైశాల్యాలున్నాయి. ఆ గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగు చేశాడు.

ఎన్‌సీఈఆర్‌టీ తొమ్మిదో తరగతి పుస్తకంలో చాలాకాలం కనిపించిన లెక్క: గొట్టం పొడవు 77 సెం.మీ., లోపలి వ్యాసం 4, బయటిది 4.4. 22/7తో కొట్టేయడానికి వీలుగానే 77 పెట్టారు. లోపలి తలం 968 చ.సెం.మీ., బయటిది 1064.8. పిల్లలు ఎక్కువగా మరిచిపోయేది రెండు కొసల వలయాలను, అవి 5.28. మొత్తం 2038.08.