గ్లీజ్ 876 బి

గ్లీజ్ 876 బి మనకు సుమారు 15 కాంతి సంవత్సరాల దూరంలో, కుంభరాశి దిక్కున ఉన్న ఒక అరుణ మరుగుజ్జు నక్షత్రం చుట్టూ తిరిగే భారీ వాయుగ్రహం. ఈ జాతి నక్షత్రాల దగ్గర దొరికిన మొట్టమొదటి గ్రహం ఇదే. జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త విల్‌హెల్మ్ గ్లీజ్ సమీప నక్షత్రాలను ఏర్చికూర్చిన పట్టికలో దీని మాతృతార వరుస సంఖ్య 876. ఆ తార బరువు సూర్యుడిలో దాదాపు మూడో వంతు. వెలుగైతే రెండు శాతానికి కూడా చేరదు, అందుకే ఇంత దగ్గరున్నా కంటికి ఆనదు.

1998 జూన్‌లో రెండు బృందాలు దేనికది విడిగా ఈ గ్రహాన్ని ప్రకటించాయి. జెఫ్రీ మార్సీ బృందం అమెరికాలోని లిక్, కెక్ వేధశాలల నుంచి, గ్జావియర్ దెల్ఫోస్ బృందం ఫ్రాన్స్‌లోని ఓత్ ప్రొవాన్స్, చిలీలోని లా సీయా వేధశాలల నుంచి గమనించాయి. గ్రహం ఎవరికీ కనబడలేదు. గ్రహం లాగుడుకు తార ఊగడంతో, దాని వర్ణపటంలోని గీతలు 61 రోజులకోసారి అటూఇటూ జరగడమే ఆధారం. బృహస్పతి లాగుడుకు సూర్యుడు ఊగే వేగం సెకనుకు 12 మీటర్లకు కాస్త ఎక్కువ. ఈ చిన్న తార మాత్రం సెకనుకు 200 మీటర్లకు మించిన వేగంతో ఊగుతోంది. బృహస్పతికి రెండింతలకు పైగా బరువున్న గ్రహం, సూర్యుడికి బుధుడున్న దూరం కన్నా దగ్గరగా తిరుగుతుండడమే దానికి కారణం.

అసలు విశేషం 2001లో బయటపడింది. మొదట బి కక్ష్య బాగా సాగిన దీర్ఘవృత్తమని లెక్కతేలింది. కొలతలు పోగయ్యేకొద్దీ, ఆ సాగుడు వెనక ఇంకో గ్రహం దాక్కుని ఉందని తెలిసింది. అదే సి. బి ఒక చుట్టు తిరిగేసరికి సి రెండు చుట్లు పూర్తిచేస్తుంది. ఇలా లయ కుదిరిన గ్రహాల జంట సౌరకుటుంబం బయట దొరకడం అదే మొదలు. పరస్పర ఆకర్షణ వల్ల వాటి కక్ష్యల దిశ పదేళ్లలోపే పూర్తిగా తిరిగివస్తుంది. మన గ్రహాల విషయంలో ఇలాంటి మార్పుకు కనీసం పదుల వేల ఏళ్లు పడుతుంది. ఈ లయ యాదృచ్ఛికంగా కుదిరేది కాదు. గ్రహాలు దూరంగా పుట్టి, తార చుట్టూ ఉన్న వాయుచక్రంలో నెమ్మదిగా లోపలికి జరుగుతూ ఒకదానికొకటి చిక్కుకున్నాయన్న వాదనకు ఇంత బలమైన సాక్ష్యం అప్పటికి లేదు.

2002లో హబుల్ టెలిస్కోపు తార స్థానంలోని అతిసూక్ష్మ కదలికను కొలిచి, బి ద్రవ్యరాశిని నిర్ధారించడానికి తోడ్పడింది. 2005లో రెండు రోజుల లోపే చుట్టివచ్చే చిన్న గ్రహం డి, 2010లో 124 రోజుల ఇ దొరికాయి. సి, బి, ఇ మూడూ బృహస్పతి చంద్రులైన అయో, యూరోపా, గానిమీడ్‌ల మాదిరిగా 4:2:1 లయలో తిరుగుతాయి.

చిన్న తార చుట్టూ ముడిసరుకు తక్కువ, గ్రహగర్భం పెరిగేదీ నిదానంగానే. అది తగినంత బరువెక్కేలోపే వాయువు చెదిరిపోతుంది కాబట్టి ఇలాంటి చోట్ల భారీ గ్రహాలు అరుదుగా ఉండాలని సిద్ధాంతం చెబుతుంది. తరవాతి సర్వేల్లోనూ అవి అరుదుగానే కనిపించాయి. అయినా 2019లో, సూర్యుడి బరువులో ఎనిమిదో వంతే ఉన్న తార దగ్గర జీజే 3512 బి అనే భారీ గ్రహం దొరికింది. వాయుచక్రమే తన బరువుకు ముక్కలై గ్రహాలుగా ముడుచుకుంటుందన్న రెండో సిద్ధాంతాన్ని శాస్త్రవేత్తలు దీని కోసం మళ్లీ ముందుకు తెచ్చారు. 2023లో వెల్లడైన అలాంటి మరో భారీ గ్రహం టీవోఐ-5205 బి తన చిన్న తార ముందు నుంచి సాగేటప్పుడు దాని వెలుగులో దాదాపు ఏడు శాతాన్ని అడ్డుకుంటుంది.