లట్టూనా? బొంగరమా? మా కృష్ణానగర్ గల్లీ ముచ్చట

కృష్ణానగర్ అంటే సినిమా ఛాన్సుల కోసం బొంగరంలా తిరిగేవాళ్ల అడ్డా అంటారు కదా. ఇవాళ చెప్పేది నిజం బొంగరం గురించే.

మా గల్లీలో అన్ని ఊళ్ల పిల్లలూ ఉండేవాళ్లు. ఒకడికి అది ‘లట్టూ’, చెన్నై నుంచొచ్చినోడికి ‘పంబరం’. ఆట మాత్రం ఒకటే. గుండ్రంగా గీత గీసి, ఓడినోడి బొంగరాన్ని మధ్యలో పెట్టి మేకుతో పొడవడం!

మా మావయ్య తెచ్చిన ఏటికొప్పాక లక్క బొంగరం ఒక్క పోటుకే రెండు చెక్కలైంది. అంకుడు కర్ర మరి, మెత్తన. చెక్కడానికి బాగుంటుంది, గల్లీ యుద్ధానికి కాదు. ఆ బొమ్మలకే 2017లో జీఐ గుర్తింపు వచ్చింది.

ఆ రోజు నన్ను ఊరుకోబెట్టడానికి, పొడిచినోడే తన బొంగరం ఇచ్చి, నేల తాకకముందే గాల్లో అరచేతిలోకి దింపుకోవడం నేర్పాడు. దానికి వాడో పేరు చెప్పాడు. ట్రిక్కు ఇప్పటికీ వచ్చు, పేరే మర్చిపోయా. మీ ఊళ్లో ఏమంటారు?