గచ్చు నుండి టైల్సు వరకు
(ఇంటి పని, కాంట్రాక్టు పని: ఒక పరిశీలన)

అద్దంకి చరిత్ర అనగానే పండరంగని శాసనం, రెడ్డి రాజులు, ఎర్రాప్రగడ గుర్తుకు వస్తారు. ఇవన్నీ బడి పుస్తకాలలో వున్నవే, మేము కూడా ఏటేటా పిల్లలకు చెబుతున్నవే. కాని ఆ రాజులు నడిచిన నేల చదును చేసి, రాళ్లు పరచిన పనివారి సంగతి పాఠాలలో కనపడదు. మన సంఘ సభ్యుల కుటుంబాలలో తాపీ పని, బండల పని, టైల్సు పని చేసుకుని బ్రతికేవారు తక్కువేమీ కాదు. వారందరికీ ఎదురయ్యే ప్రశ్న ఒకటి వుంది. ఇళ్ల పనులు పట్టుకోవాలా? లేక హాళ్లు, షాపులు, ఆసుపత్రుల వంటి పెద్ద పనులు పట్టుకోవాలా? ఈ ప్రశ్న ఎక్కడ నుండి వచ్చిందో తెలిస్తే జవాబు చెప్పుకోవడం కొంత సులభమవుతుందని మా అభిప్రాయం.

మొదట పెద్ద పనే

14వ శతాబ్దంలో ప్రోలయ వేమారెడ్డి అద్దంకిని రాజధానిగా చేసుకుని ఏలాడు. శ్రీశైలానికీ, అహోబిలానికీ యాత్రికుల కోసం మెట్లు కట్టించిన కీర్తి ఆయనది. ఇప్పటి మాటలో చెప్పాలంటే అది సర్కారు పని. కోటలకు, గుడులకు, మసీదులకు, చావడులకు రాతి పరుపు గాని గచ్చు గాని వేసేవారు. సున్నాన్ని గానుగలో రుబ్బి, కరక్కాయ నీళ్లు, బెల్లపు నీళ్లు కలిపి, దిమ్మిసతో రోజుల తరబడి కొట్టి గచ్చు తీసేవారు. ఈ 'గచ్చు' అన్న మాట ఫారసీలోని 'గచ్'కు చుట్టం. మనం మామూలుగా వాడే 'మేస్త్రీ' పోర్చుగీసువారి 'మెస్త్రె' నుండి వచ్చింది. హైదరాబాదు వైపు నేలకు పరిచే బండను 'ఫర్షీ' అంటారు, అది అరబ్బీ 'ఫర్ష్'. ఒక్క నేల పనిలోనే ఇన్ని భాషలు కలిశాయంటే, ఆ పని చేసిన చేతులు కూడా ఎన్నో చోట్ల నుండి వచ్చి కలిశాయన్నమాట.

మరి సామాన్యుడి ఇల్లు? మట్టి నేల, పేడ అలుకు, పండుగకు ముగ్గు. అది ఇంట్లో ఆడవాళ్లే చేసుకునేవారు, కూలి అన్న మాటే లేదు. కాబట్టి నేల పని కూలికి చేసే వృత్తిగా పుట్టింది పెద్ద కట్టడాల దగ్గరే. ఇంటి పని దాని వెనుక, చాలా ఆలస్యంగా వచ్చింది.

కాలువ తెచ్చిన నేల

మన ప్రాంతంలో ఆ ఆలస్యాన్ని తీర్చింది కాలువ నీళ్లు. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరుకు శంకుస్థాపన జరిగింది. అది రాతి కట్టడం కాబట్టి వేలాది మంది రాతి పనివారికి పని దొరికింది. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. కుడి కాలువ నుండి చీలిన అద్దంకి బ్రాంచి కాలువ మన పొలాల దాకా వచ్చింది. పత్తి, మిరప, పొగాకు పండించిన రైతు చేతిలో నాలుగు రూపాయలు ఆడినప్పుడు ముందు పైకప్పు మార్చాడు, తరువాత నేల మార్చాడు. మాచర్ల బండలు, బేతంచెర్ల బండలు, కడప బండలు లారీలమీద దిగాయి. పేడ అలుకు పోయి నాపరాయి వచ్చింది. ఇంటి పని అనేది మేస్త్రీకి నమ్ముకోదగ్గ జీవనాధారమైంది అప్పటి నుండే.

తరువాత మొజాయిక్ రోజులు వచ్చాయి. సిమెంటు పలకల సంగతి చూస్తే, బొంబాయిలో 1922లోనే భారత్ టైల్స్ వారు స్వదేశీ ఆదర్శంతో వాటి తయారీ మొదలుపెట్టారు. మన వూళ్లలో మాత్రం అక్కడికక్కడే చిప్సు పోసి, మధ్యలో గాజు పట్టీలు పెట్టి, ఆరిన తరువాత రాయితో రెండు మూడు విడతలు అరగదీసే మొజాయికే ఎక్కువ. ఒక ఇంటికి వారాలు పట్టేది. షాగిర్దు అరగదీయడంతో మొదలుపెట్టి, ఉస్తాదు దగ్గర రసమట్టం పట్టడం నేర్చుకునేవాడు. ఇంటి యజమాని పూటపూటకూ టీ ఇచ్చేవాడు, శనివారం సాయంత్రం కూలి ఇచ్చేవాడు. కాంట్రాక్టరు బిల్లు కోసం తిరగడం అన్నది ఆ పనిలో లేదు.

1980ల తరువాత చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు దేశదేశాలకు వెళ్లింది. బల్లికురవలో క్వారీలు, మార్టూరు చుట్టుపక్కల పాలిషింగు ఫ్యాక్టరీలు వెలిశాయి. ఒకప్పుడు మన పిల్లల చేతికి పలకలిచ్చిన మార్కాపురం, ఆ రాతినే గోడలకు, నేలలకు పరిచే టైల్సుగా కోసి పంపడం మొదలుపెట్టింది. ఆ వెనుకనే గుజరాతులోని మోర్బీ నుండి సిరామిక్, విట్రిఫైడ్ టైల్సు వచ్చి నాపరాతినీ మొజాయికునూ దాదాపు పక్కకు నెట్టాయి. అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డు నాలుగు వరుసలైన తరువాత హోటళ్లు, షోరూములు, ఫంక్షను హాళ్లు పెరిగాయి. పెద్ద పని మళ్లీ మన గుమ్మంలోకి వచ్చింది, ఈసారి కాంట్రాక్టరు రూపంలో.

లెక్క చెప్పే మాట

మేము లెక్కల కాగితం మీద ఈ రెండు పనులనూ పక్కపక్కన పెట్టి చూశాము. ఇవి ఉదాహరణకు వేసుకున్న అంకెలే, ఎవరి ధరలకు తగినట్టు వారు మార్చుకోవచ్చు.

ఇంటి పని: 1,000 చదరపు అడుగులు, అడుగుకు 25 రూపాయలు. వచ్చేది 25,000. ఇద్దరు మనుషులు, 10 రోజులు, రోజుకు 800 చొప్పున కూలి 16,000. మేస్త్రీకి మిగులు 9,000. అంటే రోజుకు 900.

హాలు పని: 10,000 చదరపు అడుగులు, అడుగుకు 15 రూపాయలు. వచ్చేది 1,50,000. ఐదుగురు మనుషులు, 30 రోజులు, కూలి 1,20,000. మిగులు 30,000. అంటే రోజుకు 1,000.

చూడగానే హాలు పనే మేలనిపిస్తుంది. కాని బిల్లు మూడు నెలలకు వస్తే? కూలీలు మూడు నెలలు ఆగరు కదా. నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి 1,20,000 తెస్తే వడ్డీయే 10,800. మిగులు 19,200కు దిగింది. పనిలో లోపాలు బయటపడతాయేమోనని బిల్లులో నూటికి పది, అంటే 15,000, ఆపి వుంచితే చేతికి వచ్చేది 4,200 మాత్రమే. నెల రోజులు అయిదుగురిని నడిపినందుకు అదీ ప్రతిఫలం. ఆపిన సొమ్ము రాకపోతే అంతే సంగతి.

మాకు తెలిసిన ఒక మేస్త్రీ ఇలాగే ఒక కాంట్రాక్టరు వెంట ఏడాది తిరిగి, చివరకు భార్య గొలుసు అమ్మి కూలీలకు ఇచ్చుకున్నాడు. ఆయన చేతిలో కాగితం ముక్క లేదు. అన్నీ నోటి మాటలే.

అలాగని ఇంటి పనిలో చిక్కులు లేవని కాదు. గోడలు మూలమట్టానికి వుండవు, ప్రతి మూలా కటింగే. వంటగది, స్నానాలగది వాలు తప్పితే నీళ్లు నిలుస్తాయి. యజమాని మధ్యలో డిజైను మారుస్తాడు, 'ఇదొక్కటి కూడా చూడు భాయ్' అని కొసరు పని చెబుతాడు. పైగా పని నిలకడగా వుండదు.

చట్టం చేసిన తేడా

1996లో భవన నిర్మాణ కార్మికుల చట్టం వచ్చింది. నిర్మాణపు ఖర్చు మీద సెస్సు వసూలు చేసి సంక్షేమ బోర్డు ద్వారా కార్మికులకు సాయం చేయడం దీని వుద్దేశం. 18 నుండి 60 ఏళ్ల లోపువారు, గడచిన 12 నెలలలో 90 రోజులు పని చేసినవారు పేరు నమోదు చేయించుకోవచ్చునన్నది. కాని సొంతానికి కట్టుకునే పది లక్షల లోపు ఇంటిని ఆ చట్టం తన పరిధి నుండి తప్పించింది. పెద్ద పనిలో చేసినవాడికి హాజరు పట్టీ వుండే అవకాశం వుంది. పది ఇళ్లలో పది రోజుల చొప్పున చేసినవాడు నూరు రోజులు చేసినా, వాటిని ఎవరితో చెప్పించాలి? అందుకే ఇంటి పని చేసేవారు రోజుల లెక్క నోటుబుక్కులో రాసుకుని, యజమాని సంతకం తీసుకోవడం ఎంతైనా అవసరం.

ఆరోగ్యం విషయంలో మాత్రం రెండు పనులకూ తేడా లేదు. మార్కాపురం పలకల పనివారి వూపిరితిత్తులను రాతి దుమ్ము తినేసిన సంగతి తెలిసినదే. టైలు కోసే యంత్రం లేపే దుమ్ము కూడా అటువంటిదే. నీళ్లు పోస్తూ కోయాలి, ముక్కుకు మాస్కు కట్టాలి.

మన కర్తవ్యం

రాజుల కాలం నుండి పెద్ద పని పేరు తెచ్చింది, ఇంటి పని అన్నం పెట్టింది. కాబట్టి మన యువకులు ఇంటి పనులను చిన్నచూపు చూడరాదు. ఏడాది పొడుగునా ఇంటి పనులు చేసుకుంటూ, చేతిలో రెండు నెలల కూలికి సరిపడా సొమ్ము వున్నప్పుడే పెద్ద పనికి ఒప్పుకోవాలి. ఒప్పుకునేటప్పుడు అడుగుకు రేటు, కొలత ఎలా తీస్తారు, వృథా అయ్యే టైల్సు ఎవరి ఖాతా, బయానా ఎంత, వారం వారం ఎంత, ఆపే సొమ్ము ఎప్పుడు ఇస్తారు అన్న ఆరు సంగతులు రాయించుకోవాలి.

ఈ ఆరు సంగతులతో తెలుగులోను, ఉర్దూలోను ఒక ఒప్పంద పత్రం సంఘం తరఫున అచ్చు వేయిస్తే బాగుంటుందని పెద్దలకు మా మనవి. నింపడం రానివారికి సాయంకాలం పూట కూర్చుని నింపి పెట్టడానికి మా వంటి ఉపాధ్యాయులం సిద్ధంగా వున్నాము.