ఖరగ్‌పూరు: కొలువుతో వచ్చిన యిల్లు, కొలువుతో వచ్చిన వైద్యము

రైలుమార్గముల చరిత్రను వ్రాయువారు సాధారణముగా మైళ్లను, వంతెనలను, ఇంజనులను లెక్కించుచుందురు. ఆ మార్గములను నిలబెట్టిన కూలివాడు పని ముగిసిన తరువాత ఏ కప్పు క్రింద పండుకొనెను, అతని బిడ్డకు జ్వరము వచ్చినప్పుడు ఎవరి తలుపు తట్టెను అను ప్రశ్నలు ఆ గ్రంథములలో అరుదుగా కనబడును. తిండి తగ్గించుకొని ఒక కుటుంబము కొంతకాలము నెట్టుకొని రావచ్చును. ఇంటి అద్దెను, వైద్యపు ఖర్చును అట్లు తగ్గించుకొనుట సాధ్యము కాదు. ఈ రెండు భారములను కూలివాని జీతమునకు లోబరచుట ఎట్లు? ఈ ప్రశ్నకు పశ్చిమ వంగదేశములోని ఖరగ్‌పూరు చరిత్ర ఒక సమాధానమును, ఒక హెచ్చరికను గూడ ఇచ్చుచున్నది.

కలకత్తాకు పడమటగా సుమారు 115 కిలోమీటర్ల దూరమున, ఎర్రని రాతినేల మీద ఈ పట్టణము వెలసినది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఆ శతాబ్దపు చివరి సంవత్సరములలో ఇక్కడికి మార్గము వేసెను. 1900లో రూపనారాయణ నదిపై కోలాఘాటు వంతెన పూర్తియగుటతో హౌరాతో సంబంధము కలిగినది. కలకత్తా, నాగపూరు, మదరాసు దిక్కుల దారులు ఇక్కడ కలిసికొనుటచే కంపెనీ తన పెద్ద కార్ఖానాను ఇచ్చటనే నెలకొల్పినది.

1902లో తూర్పుతీర రైలుమార్గపు ఉత్తర భాగము ఈ కంపెనీ వశమయ్యెను. వానలు తప్పిన ఏట రంగూను ఓడ యెక్కుట అలవాటైన గంజాము, విశాఖపట్టణము జిల్లాల ప్రజలకు రైలుబండి మరియొక దారి చూపినది. ఖలాసీలుగా, గ్యాంగు కూలీలుగా, పారిశుధ్యపు పనివారుగా, చేతిపని నేర్చినవారు ఫిట్టరులుగా తెలుగువారు ఖరగ్‌పూరు చేరిరి. నిమ్‌పురా, మథురాకాటీ మున్నగు వాడలలో తెలుగు మాట ఇంటిమాటగా నిలిచినది. 2020 డిసెంబరులో పశ్చిమ వంగ ప్రభుత్వము తెలుగునకు అధికారభాషా ప్రతిపత్తి కల్పింప నిర్ణయించుటకు ముఖ్యకారణము ఈ పట్టణపు తెలుగువారే.

కంపెనీ ఇండ్లు కట్టించినది దయచేత కాదు. ఊరు లేనిచోట అద్దెయిండ్లు దొరకవు. ఇండ్లు లేనిచోట నేర్పరియైన పనివాడు నిలువడు. మలేరియాతో మంచము పట్టిన ఫిట్టరు కార్ఖానాకు రాలేడు. కూలీల వాడలో పుట్టిన కలరా దొరల బంగళా ప్రహరీకి వెరచి ఆగిపోదు. కావుననే ఇండ్లతోపాటు మంచినీరు, మురుగుకాలువలు, ఆసుపత్రి వెలసినవి. అయితే అందును అంతరములు పాటింపబడినవి. తెల్లవారికి తోటలు గల బంగళాలు, ఆంగ్లో ఇండియనులకు వేరు వాడలు, దేశీయ గుమస్తాలకు చిన్న క్వార్టర్లు, కూలీలకు వరుసగదులు. మనిషి హోదాయు, జాతియు అతని యింటి కప్పును చూచియే చెప్పవచ్చునట్లు ఆ పట్టణము నిర్మింపబడినది.

అయినను ఈ ఏర్పాటులో గమనింపదగిన ఆర్థికసూత్ర మొకటి కలదు. ఇండ్లున్న నేల రైల్వేది. దానిని కొని అమ్మి లాభము తీయువాడు నడుమ లేడు. అందుచే అద్దెను బజారు ధరను బట్టి గాక, ఉద్యోగి జీతమును బట్టి నిర్ణయించుట సాధ్యమైనది. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత కేంద్రప్రభుత్వపు క్వార్టర్ల విషయమున అద్దె జీతములో పదవవంతును మించరాదను నియమము చిరకాలము సాగినది. ఆసుపత్రి విషయమును ఇట్టిదే. వైద్యుడు నెలజీతముపై పనిచేయువాడు. రోగి యెంతకాలము మంచముపై నున్నను అతనికి అదనపు ఆదాయము లేదు. రోగము రాకుండ జూచుటయే రైల్వేకు లాభము. ఇల్లును వైద్యమును చౌక చేసినవి దానధర్మములు కావు, ఈ లెక్కలే.

కాని క్వార్టర్లు అందరికి చాలలేదు. మిగిలినవారు బజారు వీధులలో అద్దెగదులను, గుడిసెలను ఆశ్రయించిరి. విట్లే అధ్యక్షతన 1929లో నియమింపబడిన రాజకీయ కార్మిక సంఘము 1931లో ఇచ్చిన నివేదిక, పెక్కు పారిశ్రామిక కేంద్రములలో మూడింట రెండువంతుల కార్మికులకు తక్కువ గాకుండ అప్పులలో నున్నారని అంచనా వేసినది. రూపాయికి నెలకు అణా వడ్డీ, అనగా ఏటికి నూటికి 75 రూపాయలు, ఆనాడు సామాన్యమైన రేటు. ఇట్టి వడ్డీకి అప్పు తెచ్చిన యింటిలో ఒక్క జ్వరము, ఒక్క కష్టకాన్పు చాలును, సంవత్సరపు కష్టార్జితమును మ్రింగివేయుటకు.

అంతకుముందే, 1927లో, ఈ ఏర్పాటులోని అసలు బలహీనత బయటపడినది. ఆ సంవత్సరము ఫిబ్రవరిలో ఒక సమ్మె జరిగినది. సెప్టెంబరులో కార్ఖానాలోని పనివారిని పెద్దసంఖ్యలో తొలగింప బూనుకొనగా మరల పోరాటము చెలరేగి, డిసెంబరు వరకు సాగినది. ఆ పోరాటపు నాయకులలో బరంపురమున జన్మించిన వరాహగిరి వేంకటగిరి ప్రముఖులు. ఉద్యోగపు కోత అనగా జీతము పోవుట మాత్రమే కాదని ఖరగ్‌పూరు కార్మికులకు తెలియును. క్వార్టరులో నున్నవానికి దానితోపాటు ఇల్లు పోవును, ఆసుపత్రి చీటీ పోవును, బిడ్డలు పెరిగిన వాడ పోవును. ఒకే కాగితము ఇన్నిటిని తీసికొనిపోవును. పని నిలుపుకొనుటకై వారు అంతకాలము పస్తులకోర్చుటకు గల కారణములలో ఇది యొకటి కాకపోదు.

1944లో కంపెనీ పాలన ముగిసి రైల్వే ప్రభుత్వపరమైనది. ఆ కాలముననే దేశమునకు ఎట్టి వైద్యవ్యవస్థ తగునను విచారణ సాగుచుండెను. 1943లో నియమింపబడి 1946లో నివేదిక యిచ్చిన భోర్ సంఘము, సొమ్ము లేని కారణమున ఎవ్వరికిని తగిన వైద్యము అందకుండ పోరాదని సిద్ధాంతీకరించినది. 1948లో బ్రిటను తన పౌరులందరికి ఉచిత వైద్యమును ఆరంభించినది. అదే సంవత్సరము మనము చేసికొన్న చట్టము ఉద్యోగుల రాజ్య బీమా చట్టము. 1952 ఫిబ్రవరిలో కాన్పూరులోను, ఢిల్లీలోను అమలునకు వచ్చిన ఆ బీమా ఆదిలో కార్మికునికే పరిమితమై, తరువాత కుటుంబమునకు విస్తరించినది. మంచి చట్టమే; కాని బ్రిటనులో వైద్యము పౌరునికి, ఇక్కడ ఉద్యోగికి. ఖరగ్‌పూరులో కంపెనీ నాటిన విత్తనమునే, కొంత విశాలమైన పొలములో, స్వతంత్ర భారతము మరల నాటినది.

ఆ తేడా యెంతటిదో 1974 మే నెలలో తేటపడినది. దేశవ్యాప్తమైన రైల్వే సమ్మె ఇరువది దినములు సాగినప్పుడు, సమ్మెలో నున్నవారి కుటుంబములను క్వార్టర్లనుండి వెళ్లగొట్టిన సంఘటనలు పెక్కు కాలనీలలో జరిగినవి. యజమానియే ఇంటి యజమాని కూడ అయినప్పుడు కప్పు నీడయే కాదు, కళ్లెము కూడ అగును. సమ్మెలు లేని కాలమునను పదవీవిరమణ యున్నది. కొద్దినెలల గడువు పిమ్మట క్వార్టరు ఖాళీ చేయవలెను. తాత శ్రీకాకుళపు పల్లెనుండి వచ్చెను. మనుమనికి ఆ పల్లెలో ఇల్లు లేదు, చేను లేదు. వైద్యము విషయమున 1997 నాటి పథకము కొంత ఊరట కలిగించినది. విరమించిన ఉద్యోగి ఒకమారు చందా చెల్లించి రైల్వే వైద్యమును జీవితాంతము పొందుటకు వీలైనది. ఇంటి విషయమున అట్టి ఊరట కలుగలేదు.

రైల్వే కొలువు దొరకనివారి స్థితి మరియొకటి. గుత్తదారుల క్రింద అదే రైలుపెట్టెను తుడుచువానికి, అదే పట్టాలప్రక్క రాయి మోయువానికి క్వార్టరు లేదు. 2007లో ఆంధ్రప్రదేశములో ఆరోగ్యశ్రీ, 2016లో పశ్చిమ వంగములో స్వాస్థ్య సాథీ ఆరంభమై పెద్దజబ్బుల ఖర్చునుండి పేదలను కాపాడుటకు యత్నించినవి. అవి ముఖ్యముగా ఆసుపత్రిలో చేరిన రోగికి ఉపకరించునవి. నెలనెలా రక్తపోటునకు, మధుమేహమునకు కొనవలసిన మాత్రల ఖర్చు చాలవరకు ఇంటివారి మీదనే మిగిలినది. 2015 నాటి ప్రధానమంత్రి ఆవాస పథకము సొంత స్థలము గలవానికి ఇల్లు కట్టుకొన సాయమిచ్చినది. రైల్వే నేలమీది బస్తీలో తరతరములుగా బ్రదుకుచున్నవానికి చూపుటకు పట్టా యెక్కడిది?

ఖరగ్‌పూరు చెప్పు సమాధానము స్పష్టమైనది. నేలను వ్యాపారమునకు లోబడకుండ కాపాడి, అద్దెను ఆదాయముతో ముడివేసి, నెలజీతపు వైద్యుని, మంచినీటిని, మురుగుకాలువను వాడకు సమకూర్చినచో, సామాన్యపు జీతముతో ఒక కుటుంబము మానముగా బ్రదుకగలదు. ఇది ఊహ కాదు. ఒక పట్టణము దశాబ్దములపాటు చేసి చూపిన పని. హెచ్చరికయు అంతే స్పష్టమైనది. ఆ సదుపాయములను కొలువుతో ముడివేసినచో, ముడి విప్పు అధికారము కొలువిచ్చినవాని చేతిలో నుండును. కంపెనీ తన అవసరము కొలది కట్టిన ఇండ్లనుండి మనము గ్రహింపవలసినది వాటి లెక్కను, అనగా నేల, అద్దె, వైద్యముల పొందికను. ఆ లెక్కలో ఉద్యోగి అని వ్రాసిన చోట పౌరుడు అని వ్రాయుట మాత్రము కంపెనీ చేయలేని పని. అది ప్రజాప్రభుత్వము చేయవలసినది.