సంగటికి తోడు కారం

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం రాయమని మన కార్యదర్శిగారు కోరారు. రాజుల చరిత్ర రాయడానికి పండితులున్నారు. నేను మన రోటి చరిత్ర రాస్తాను.

మా అనంతపురం సీమలో రాగి సంగటికి జోడు ఊరిబిండి. ఇది అనాదిగా మనదేనని చాలాకాలం అనుకున్నాను. తీరా చదివితే అందులోని మిరపకాయ, శెనక్కాయ రెండూ అమెరికా ఖండాల పంటలు. 1498లో వాస్కోడగామా కాలికట్ చేరిన తరువాత పోర్చుగీసు ఓడల్లో మిరప మన తీరానికి దిగింది. అంతకు ముందు మన పెద్దల కారం మిరియాలే. రాగులు కూడా వేల ఏండ్ల క్రితం ఆఫ్రికా నుంచి వచ్చినవే.

పరాయి గింజలు ఇక్కడ ఎందుకు కుదురుకున్నాయి? పడమటి కనుమల చాటున ఉన్న ఈ పీఠభూమిలో ఏటా కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. కూరగాయలు అన్నివేళలా దొరకవు. ఎండిన మిరపకాయ ఏడాది నిలుస్తుంది. చిటికెడు కారంతో ముద్ద గొంతు దిగుతుంది.

1876-78 కరువు నాటికి మన తాలూకాలు బళ్ళారి జిల్లాలో ఉండేవి. అనంతపురం జిల్లా ఏర్పడింది 1882లో. కరువు మాత్రం మమ్మల్ని విడువలేదు. 1952లో రాయలసీమలో గంజి కేంద్రాలు పెట్టినప్పుడు నేను చంకబిడ్డను. మా అమ్మ మిరపకాయలు, చింతపండు, ఉప్పు నూరి ఆకులో కట్టుకొని అక్కడికి పోయేదట. "గంజి సర్కారుదిరా, కారం మనది" అనేది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ నామోషీపడి ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గులేదు.

చేసే విధం సులువు. గుప్పెడు శెనక్కాయ విత్తనాలు దోరగా వేయించి పొట్టు తీయాలి. ఆరేడు ఎండుమిరపకాయలు వేయించి, నానిన చింతపండు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, ఉప్పు చేర్చి నూరాలి. తరువాత విత్తనాలు వేసి బరకగా నూరి, ముద్ద అద్దుకొనేటంత పలుచగా నీళ్ళు కలపాలి. రక్తపోటు ఉన్న మిత్రులు ఉప్పు తగ్గించుకోవాలి.

మా మనుమరాలు దీన్ని మిక్సీలో చేస్తుంది. రుచి కొంచెం తేడానే. అయినా గంజి కేంద్రం కథ విన్న రోజు తనే రోలు కడిగి నూరింది. మీ ఇండ్లలోనూ పిల్లలకు రుచితోపాటు ఆ కథా చెప్పవలసిందిగా మనవి.